ఉప్పులో ఊరిన సోలారు పలకలు

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున తోటయ్య ఇంటివాళ్ళు అందరికన్నా ముందే వెళ్ళి వరసలో నిలబడ్డారట. ఈ మాట ఉప్పుగెడ్డలో ఇంకెవరూ అనలేదు, వాళ్ళే చెప్పుకుంటారు. నిలబడిన మాట నిజమే అయ్యుంటుంది. కాకపోతే దేవుడు తూర్పు వైపు పంచుతుంటే వీళ్ళు పడమర వైపు నిలబడి ఉంటారని ఊళ్ళో వాళ్ళ అనుమానం.

ఇంట్లో నలుగురు, నలుగురివీ నాలుగు రకాల తెలివి.

తోటయ్యది ఉప్పుచేపల పని. చేపకి ఉప్పు పట్టించి ఎండబెట్టడంలో ఆ తీరమంతటా అతని తర్వాతే ఎవరైనా. లోకంలో పాడవనివి రెండే ఉన్నాయనేవాడు. ఒకటి తను పెట్టిన ఉప్పుచేప, రెండోది తను ఇచ్చిన మాట. అతని భార్య బండెమ్మ ఊళ్ళో పుట్టిన ప్రతి పసిబిడ్డకీ నీళ్ళు పోసే మనిషి. ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి రుద్దిందంటే బిడ్డ ఏడుపు సముద్రంలో ఉన్న పడవలకి వినపడేది. ఇక తోటయ్య తమ్ముడు ఎల్లాజీ. ఒకసారి వేటకి బయల్దేరబోతూ అన్న, "గాలి ఎటు పోతుందో చూసి రా" అన్నాడు. అంతే. ఎల్లాజీ గాలి వెంటే నడుచుకుంటూ పక్క ఊరు దాటి పోయాడు. సాయంత్రం గాలి మళ్ళాక దానితోపాటే ఇంటికొచ్చి, "ఇటే వచ్చేసింది అన్నా" అని చెప్పాడు.

నాలుగో మనిషి గౌరీసు, తోటయ్య కూతురు. ఇంటర్ చదివింది. లెక్కలంటే నోటి లెక్కే, కాగితం అక్కర్లేదు. తండ్రి చేసిన ఉప్పుచేపల్ని పొట్లాలు కట్టి పట్నంలో అమ్మే వ్యాపారం ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెట్టింది. "పొట్లం ఎటు తిప్పినా పేరు కనపడాలమ్మా" అన్నాడు పట్నం షావుకారు. ఆ పిల్ల పొట్లానికి అన్నివైపులా పేరే అంటించింది. ఎటు తిప్పినా పేరు కనపడింది, ఎటు తిప్పినా చేప కనపడలేదు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి విప్పి చూసి, ఇది చేపా అని ఆశ్చర్యపోయారు. అయినా గౌరీసు చెక్కు చెదరలేదు. లెక్క తప్పలేదు కదా, పేరు అంటించాల్సిన జాగా అంతా చదరపు అంగుళాల్లో సరిగ్గా వచ్చింది కదా అనుకుంది.

ఆ ఊరికి ఒక్కటే బాధ. పడవలు ఒడ్డుకి వచ్చేసరికి ఎండెక్కుతుంది. ఐసు బండి పట్నం నుంచి రావాలి. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రాని రోజున చేప మెత్తబడిపోయి, మనుషులు తినాల్సింది కోళ్ళ మేతకి పోయేది. చేపలమ్మే ఆడవాళ్ళకి పెద్ద కాసులమ్మ. ఆవిడ ఆ బుట్టలకేసి చూసి, "సముద్రం ఇచ్చింది, ఎండ పట్టుకుపోయింది" అని నిట్టూర్చేది.

గౌరీసు ఒకరోజు ఫోనులో ఒక సంగతి చూసింది. సోలారు పలకలకి కొత్తరకం అద్దం తయారుచేసే కంపెనీ ఒకటి, సముద్రం ఒడ్డున ఉప్పు గాలి బాగా కొట్టే ఇంటి కోసం వెతుకుతోంది. అద్దం మీద పూసిన పూత ఆ ఉప్పు గాలికి మన్నితే, ఆ ఊళ్ళో సోలారుతో నడిచే కోల్డ్ రూమ్ ఒకటి ఊరికే కట్టిస్తారు. పూత పోతే కోల్డ్ రూమ్ లేదు, పలకలు పక్కనున్న పెదరేవుకి పోతాయి.

ఇంకేముంది. గౌరీసు వాళ్ళ డాబా మీద నిలబడి వీడియో తీసి పంపింది. ఉప్పు గాలికి ఆ ఇంటి కిటికీ ఊచలు ఎలా తుప్పు పట్టి రాలిపోతున్నాయో, తలుపు గడియ పట్టుకుంటే చేతిలోకి ఎలా వచ్చేస్తుందో చూపించింది. కంపెనీ వాళ్ళు పొంగిపోయారు. ఇంత చెడ్డ గాలి మాకెక్కడా దొరకలేదన్నారు.

"మన ఇల్లు నెగ్గింది నాన్నా. అందరికన్నా మన గాలే చెడ్డదట" అంది గౌరీసు.

"మన ఇంటికి పోటీ ఎవడమ్మా" అన్నాడు తోటయ్య, మీసం దువ్వుకుంటూ.

వార్త విన్న కాసులమ్మ మాత్రం నెత్తి మీద బుట్ట దించి అక్కడే కూలబడింది. "ఊళ్ళో ఇన్ని డాబాలుండగా వీళ్ళ డాబాయే దొరికిందా తల్లీ. ఒలే గౌరీసూ, నా బుట్టల బతుకు నీ చేతిలో ఉంది. నీ తెలివి కొంచెం తగ్గించుకుని వాడవే."

"నువ్వేం బెంగపడకు కాసులమ్మత్తా. ఆ పలకలకి ఈగ వాలనివ్వను" అని మాటిచ్చేసింది గౌరీసు.

ఇంజనీరు నీరజ గారు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి డాబా మీద నాలుగు పలకలు బిగించింది. నలుగుర్నీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "ఈ అద్దం మీద కంటికి కనపడని పూత ఉంది. వెంట్రుకని నిలువునా కొన్ని వందల పొరలుగా చీలిస్తే అందులో ఒక్క పొరంత మందం. ఎండ తగిలి వెనక్కి తుళ్ళిపోకుండా లోపలికి పంపడం దీని పని. సముద్రం తుంపర పడి ఆరడం, మళ్ళీ తడవడం, మళ్ళీ ఆరడం, దీనికి పూత ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో చూడాలి. ఎంత కరెంటు వస్తోందో నా ఫోనులో నాకు తెలుస్తూనే ఉంటుంది."

"మేం ఏం చెయ్యాలండి?" అడిగింది గౌరీసు.

"పెద్దగా ఏం లేదు. మీ ఇంట్లో పసిబిడ్డల్లా చూసుకోండి, చాలు."

నీరజ గారి జీపు మలుపు తిరిగిందో లేదో, బండెమ్మ కొంగు బిగించింది.

"పిల్లలకి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో ఏటో. ఒళ్ళంతా దుమ్ము. ఎల్లాజీ, కడగొట్టువాణ్ణి ముందు దించు."

నాలుగు పలకలకీ అప్పటికే పేర్లు కుదిరిపోయాయి. పెద్దాడు, నడిపాడు, చిన్నాడు, కడగొట్టువాడు. ఎల్లాజీ బోల్టులు విప్పి కడగొట్టువాణ్ణి మోసుకొచ్చాడు. బండెమ్మ పెరట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, పలకని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. బరువుకి ఆవిడ మోకాళ్ళు కళుక్కుమన్నాయి.

"బొద్దుగా ఉన్నాడు, దిష్టి తగలకుండా" అంటూ నువ్వుల నూనె పోసి, ఇంట్లో ఉన్న సున్నిపిండి అంతా వేసి, నలుగు పెట్టి రుద్దింది. ఆవిడ రుద్దుడంటే మామూలు రుద్దుడా. గాజులు గలగలమంటుంటే, చంకలు ఎక్కడున్నాయో తెలియక నాలుగు మూలలూ చంకలే అనుకుని రుద్దింది.

"ఏడవట్లేదేటి వదినా?" అన్నాడు ఎల్లాజీ.

"బుద్ధిమంతుడు" అంది బండెమ్మ.

వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, నడుమ కాటుక చుక్క పెట్టింది. మిగతా ముగ్గురికీ సున్నిపిండి లేదు. వాళ్ళకి రేపు అనుకున్నారు. ఇంతలో గౌరీసుకి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన రాకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత తనే చాలాసార్లు అనుకుంది.

"అమ్మా, బయట ఎండ మండిపోతోంది. పసిబిడ్డల్ని ఎండలో పడుకోబెడతామా?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు. ఇంత చిన్న విషయం తట్టలేదే అనుకున్నారు. వెంటనే నాలుగు పలకల్నీ చీకటి గదిలోకి తెచ్చి, చీరలతో ఉయ్యాలలు కట్టి పడుకోబెట్టారు. కిటికీ మూశారు. దోమలు కుట్టకుండా ఎల్లాజీ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు.

కాసేపటికి నీరజ గారి ఫోను. "గౌరీసూ, కరెంటు సున్నా చూపిస్తోంది. ఏమయింది?"

గౌరీసు గొంతు తగ్గించి, "మెల్లగా మాట్లాడండి మేడమ్. ఇప్పుడే నిద్రపోయాయి" అంది.

నీరజ గారు మర్నాడే పరిగెత్తుకొచ్చింది. ఉయ్యాలల్లో పలకల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కడగొట్టువాణ్ణి వెలుతురులోకి తెప్పించి వేలితో కాటుక చుక్క తుడిచి చూస్తే, అద్దమంతా సన్నటి గీతలు పడి మసకగా ఉంది.

"దీనికి పూత పోయింది. పిండితో రుద్దితే ఉంటుందా?" అంది నీరసంగా.

"నలుగు పెట్టాక పూత పోకపోతే నలుగెందుకమ్మా" అంది బండెమ్మ.

నీరజ గారు గౌరీసు వైపు తిరిగింది. "ఇక మూడే మిగిలాయి. ఈ మూడూ నిలిస్తేనే మీ ఊరికి కోల్డ్ రూమ్. బాగా విను. ఇవి పిల్లలు కాదు, అద్దాలు. ఎండలోనే ఉండాలి. రుద్దకూడదు. ఉప్పునీళ్ళు వాటి మీద ఆరనివ్వకండి. అంతే, ఇంకేం చెయ్యొద్దు."

"ఎండలో ఉండాలి, రుద్దకూడదు, ఉప్పునీళ్ళు ఆరనివ్వకూడదు" అని అక్షరం తప్పకుండా అప్పజెప్పింది గౌరీసు. నీరజ గారికి కొంచెం ధైర్యం వచ్చింది. అప్పజెప్పడంలో ఆ ఇంటికి ఎవరూ వంక పెట్టలేరు.

పలకల్ని మళ్ళీ డాబా మీద బిగించారు. అలల మీంచి గాలి వచ్చి సన్నటి తుంపర అద్దాల మీద పడింది. చూస్తుండగానే ఆరిపోయింది.

"ఆరిపోయింది అమ్మడూ" అన్నాడు తోటయ్య భయంగా.

"మళ్ళీ తడపాలి నాన్నా. ఆరకముందే తడపాలి."

"మంచినీళ్ళా?" అన్నాడు ఎల్లాజీ.

గౌరీసు ఆలోచించింది. "మేడమ్ ఉప్పునీళ్ళు ఆరనివ్వద్దన్నారు. మంచినీళ్ళ మాటే ఎత్తలేదు చిన్నాన్నా. ఇంకేం చెయ్యొద్దని కూడా అన్నారు. మంచినీళ్ళు పోస్తే అది వేరే పని చేసినట్టు అవుతుంది."

ఇంకేముంది. సముద్రం ఎదురుగానే ఉంది, ఎంత కావాలంటే అంత. గౌరీసు ఒక బిందె ఉప్పునీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఆరుతుందో ఫోనులో చూసుకుంది. దానికన్నా ఒక నిమిషం ముందే రెండో బిందె పడాలి. బిందెకి ఇన్ని లీటర్లు, మెట్లెక్కడానికి ఇంతసేపు, మనుషులు ఇంతమంది, ఎవరు ఒడ్డున ఉన్నప్పుడు ఎవరు మెట్ల మీద ఉండాలో మొత్తం నోటితోనే లెక్కగట్టి చెప్పింది. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, నలుగురూ గడియారం ముళ్ళలా తిరగడం మొదలుపెట్టారు. తోటయ్య ముంచాడు, ఎల్లాజీ మోశాడు, బండెమ్మ అందించింది, గౌరీసు పోసింది. చొక్కాలు తడిశాయి, మెట్లు తడిశాయి, డాబా తడిసి కింద పొయ్యి ఆరిపోయింది. పలకలు మాత్రం ఆరలేదు.

బుట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చిన కాసులమ్మ ఆగి చూసింది. "ఏటి తోటయ్యన్నా, సముద్రాన్ని ఇంటికి చేరేస్తున్నారేటి?"

"ఉప్పునీళ్ళు ఆరకుండా చూస్తున్నాం" అన్నాడు తోటయ్య, ఆయాసపడుతూ.

"ఆరకూడదంటే అసలు పొయ్యకుండా ఉంటే పోలేదా?"

పైనుంచి గౌరీసు జాలిగా నవ్వింది. "పొయ్యకపోతే ఆరకుండా ఏది ఉంటుంది కాసులమ్మత్తా? తడి ఉంటేనే కదా ఆరకుండా కాపాడేది."

కాసులమ్మ బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

గౌరీసు లెక్కలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. మనుషులు అలిసిపోతారన్నది అందులో లేదు. మధ్యాహ్నం అన్నం తిని నలుగురూ ఇలా నడుం వాల్చారు. అంతే. ఎండ దాని పని అది చేసుకుపోయింది. లేచి చూసేసరికి మూడు పలకల మీదా తెల్లగా, మందంగా, మెరుస్తూ ఉప్పు పేరుకుపోయింది. ఎల్లాజీ చిటికెడు నాలుక మీద వేసుకుని చప్పరించాడు.

"అన్నా, పంట బాగా పండింది. కొట్లో ఉప్పుకన్నా రుచిగా ఉంది."

గౌరీసుకి మాత్రం ఆ తెలుపు చూడగానే కాసులమ్మ బుట్టలు గుర్తొచ్చాయి. ఈ మూడూ పోతే పోయినట్టే. తనే నీరజ గారికి ఫోను చేసింది.

"మేడమ్, ఉప్పు గడ్డకట్టేసింది."

"ఎంత?"

"గీకితే వారానికి కూరల్లోకి సరిపోతుందండి."

నీరజ గారు ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. "గీకొద్దు. తుడవొద్దు. ముట్టుకోవద్దు. నలుగురూ చేతులు కట్టుకుని కూర్చోండి. మా పెద్దాయన్ని తీసుకుని నేనే వస్తున్నాను. ఆయన కళ్ళతో చూసి తేలుస్తారు. అప్పటిదాకా ఆ మూడూ పాడవకుండా ఉంటే చాలు."

చేతులు కట్టుకోవడం ఎంత పని, వల తాడు ఇంట్లోనే ఉంది. తోటయ్య చేతులు ఎల్లాజీ కట్టాడు. ఎల్లాజీ చేతులు బండెమ్మ కట్టింది. బండెమ్మ చేతులు గౌరీసు కట్టింది. గౌరీసు చేతులు కట్టడానికి ఎవరికీ చేతులు లేవు. ఎన్ని లెక్కలు వేసినా, ఎటునుంచి మొదలుపెట్టినా ఒకరు మిగిలిపోతున్నారు. చివరికి కాసులమ్మని పిలిచారు.

కాసులమ్మ తాడు తీసుకుని ముడి మీద ముడి వేసి బిగించింది. "ఈ పని మొదటి రోజే చెయ్యాల్సింది" అంది.

నలుగురూ డాబా మీద వరసగా కూర్చున్నారు. ఒక సముద్రపు కాకి వచ్చి పెద్దాడి మీద వాలింది. నలుగురూ కలిసి "ఉష్" అని ఊదారు. అది రెట్ట వేసి, నిదానంగా వెళ్ళింది. ఎల్లాజీకి ముక్కు మీద దురద పుట్టింది. అన్న వీపుకి ముక్కు రుద్దుకున్నాడు. సాయంత్రానికి కాసులమ్మ అన్నం కలిపి తెచ్చి నలుగురికీ ముద్దలు పెట్టింది. తిడుతూనే పెట్టింది.

ఆవిడ వెళ్ళాక చివరి ముద్ద నములుతుండగా తోటయ్యకి తట్టింది. అతనికి ఏదైనా తడితే చెవులు కదులుతాయి.

"అమ్మడూ, మేడమ్ గారు చివరన ఏమన్నారు?"

"పాడవకుండా ఉంటే చాలన్నారు నాన్నా."

"పాడవకుండా ఉంచడం ఈ తీరాన నాకన్నా ఎవడికి తెలుసు?"

ఇంట్లో అందరూ ఒక్కసారి తలలు ఊపారు. అవును మరి. ఇంతకాలం ఉపాయం పక్కనే పెట్టుకుని ఇంకెక్కడో వెతుకుతున్నారు. ఉప్పు పెట్టని చేప పూటకే మెత్తబడుతుంది. ఉప్పు పట్టిన చేప ఏడాదైనా రాయిలా ఉంటుంది. ఉప్పు వల్ల పాడవుతుందని పట్నం వాళ్ళు అనుకుంటే అనుకోనీ, పట్నం వాళ్ళకి ఉప్పు సంగతేం తెలుసు. పలకల మీద ఉప్పు చాల్లేదు, అదీ అసలు జబ్బు.

"చేతులు కట్టుకోమన్నారు కదా?" అంది బండెమ్మ.

"కట్టుకోమన్నారు, కట్టుకున్నాం. విప్పొద్దని మాత్రం అనలేదమ్మా" అంది గౌరీసు. ఆ పాయింటు దొరికినందుకు దానికి లోలోపల గర్వంగా కూడా అనిపించింది.

అంతే. పళ్ళతో ముడులు విప్పుకున్నారు. "ముట్టుకోవద్దన్నారు" అని గౌరీసు గుర్తుచేస్తే, నలుగురూ చేతులకి గోనె గుడ్డలు చుట్టుకున్నారు. పెరట్లో చేపలు ఊరబెట్టే సిమెంటు తొట్టి ఉంది. చేప బరువులో మూడో వంతు ఉప్పు అనేది తోటయ్య తాతల నాటి కొలత. గౌరీసు పలకల బరువు కనుక్కుని ఎన్ని కుంచాలు పడుతుందో చెప్పేసింది. అడుగున ఉప్పు, మీద పెద్దాడు. మళ్ళీ ఉప్పు, మీద నడిపాడు. మళ్ళీ ఉప్పు, చిన్నాడు, ఆపైన ఇంకా ఉప్పు.

"కడుపు చీల్చొద్దా అన్నా?" అడిగాడు ఎల్లాజీ.

తోటయ్య పలకని తిరగేసి చూశాడు. "పొట్ట లేదురా. వెనకాల పేగులున్నాయి చూడు, నల్లగా, పొడుగ్గా."

"ఇప్పుడే లాగేశాను" అన్నాడు ఎల్లాజీ, రెండు తీగలు చూపిస్తూ.

రెండు రోజులు ఊరాక తీసి, వెదురు దండేలకి వేలాడదీసి ఎండబెట్టారు. ఒక పక్క సావిడాయి చేపలు, ఒక పక్క సోలారు పలకలు. కింద నాలుగు పిల్లులు కూర్చుని పైకి చూస్తున్నాయి. కడగొట్టువాడికి ఎలాగూ పూత పోయిందని వాడికి ఉప్పు దండగ అనుకుని, గోడకి ఆనించి వదిలేశారు. ఆ పక్కనే గౌరీసు నాలుగు వైపులా పేర్లు అంటించిన పొట్లాల సంచులు కూడా సిద్ధం చెయ్యబోయింది గానీ, అంత పెద్ద సంచి దొరకలేదు.

నీరజ గారు, కంపెనీ పెద్దాయన వచ్చేసరికి ఊరు ఊరంతా పెరటి గోడ దగ్గర చేరింది. ముందు వరసలో కాసులమ్మ.

నీరజ గారు డాబా వైపు చూసింది. డాబా ఖాళీగా ఉంది. "ప్యానెళ్ళు ఎక్కడ గౌరీసూ?"

"ఎండలోనే ఉన్నాయండి. మీరు చెప్పినట్టే" అంది గౌరీసు, దండెం వైపు చూపిస్తూ.

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. దండెం దగ్గరికి వెళ్ళి పెద్దాణ్ణి వేలితో తాకాడు. అది నిదానంగా ఊగింది. ఒక పిల్లి మ్యావుమంది. ఆయన మొహం చూసి నీరజ గారి మొహం పాలిపోయింది, నీరజ గారి మొహం చూసి కాసులమ్మ మొహం పాలిపోయింది. గౌరీసు కూడా ఆ మూడు మొహాలూ చూసింది. మొదటిసారి దానికి లెక్క రాలేదు. చేసిన పనులన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఒక్కొక్కటీ చేస్తున్నప్పుడు ఎంత సరిగ్గా ఉందో, ఇప్పుడు అంత వంకరగా ఉంది.

"సార్" అంది, ముందుకి వచ్చి. "ఒకదానికి మా అమ్మ నలుగు పెట్టింది. మిగతా వాటి మీద మేం సముద్రం పోశాం. ఆ లెక్క నాదే. తర్వాత ఉప్పులో ఊరబెట్టాం. తెలివి ఉందనుకుని చేశాం. ఈ తెలివి మా ఇంటిది, ఊరిది కాదు. వీళ్ళు చాలా మంచివాళ్ళు, వీళ్ళకి అస్సలు తెలివి లేదు. కోల్డ్ రూమ్ వీళ్ళకి ఇచ్చెయ్యండి, మా ఇల్లు లేదనుకోండి."

కాసులమ్మ, "విన్నారా, మాకు తెలివి లేదంట" అంది పక్కామెతో. అయినా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పెద్దాయన ఒక బిందె మంచినీళ్ళు తెమ్మన్నాడు. రుద్దకుండా, చెయ్యి తగలకుండా పైనుంచి ధారగా పోయించాడు. ఉప్పు కరిగి జారిపోయింది. సంచిలోంచి చిన్న పరికరం తీసి అద్దానికి ఆనించి చూశాడు. మళ్ళీ చూశాడు. రెండోది, మూడోది చూశాడు. గోడ దగ్గరున్న కడగొట్టువాణ్ణి కూడా చూశాడు. ఊరంతా గోడ మీదికి వంగింది.

"నీరజా, మూడింటి పూతా మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది."

"అంత ఉప్పులోనా సార్?"

"మన దగ్గర ఉప్పు తుంపర కొట్టే పెట్టెలో నెలల తరబడి పెట్టి చూశాం కదా. ఇలా పాతరేసి చూడాలని మనలో ఎవరికీ తోచలేదు. తోచినా ధైర్యం వచ్చేది కాదు." ఆయన కడగొట్టువాడి గీతల మీద వేలు పెట్టి చూసి, పెదాలు బిగపట్టాడు, కానీ నవ్వు ఆగలేదు. "రిపోర్టులో రాయి. పూత ఉప్పుకి తట్టుకుంది. బండెమ్మ గారికి తట్టుకోలేదు."

"నా చేతికి తట్టుకున్న బిడ్డ ఈ ఊళ్ళోనే లేదు బాబూ" అంది బండెమ్మ, వినయంగా.

మాట ప్రకారం చేపల షెడ్డు పక్కన కోల్డ్ రూమ్ లేచింది. దాని నెత్తి మీద పెద్దాడు, నడిపాడు, చిన్నాడు, వాళ్ళతోపాటు ఇంకో బోలెడుమంది తమ్ముళ్ళు. తాళం ఎవరికివ్వాలన్న దగ్గర పేచీ వచ్చింది. కాసులమ్మ తనకివ్వమంది. కానీ కంపెనీతో మాట్లాడింది, ఊరికి తెచ్చింది గౌరీసు కాబట్టి తాళం గౌరీసుకే వెళ్ళింది. నీరజ గారికి లోలోపల పీకుతూనే ఉంది. అందుకని చిన్న చిన్న మాటల్లో, ఎక్కడా పసిబిడ్డల ఊసు లేకుండా, చేతుల ఊసు లేకుండా చెప్పింది.

"తలుపు తీసి ఉంచితే చల్లదనం పోతుంది. అందుకని లోపలికి వెళ్ళగానే తలుపు మూసెయ్యాలి. ఊరికే తీయకూడదు. ఏదీ, చెప్పు."

"లోపలికి వెళ్ళగానే తలుపు మూసెయ్యాలి. ఊరికే తీయకూడదు."

ఇందులో తప్పు పట్టడానికి ఏముంది. నీరజ గారు తృప్తిగా జీపెక్కింది.

మర్నాడు పడవలు వచ్చాయి. కాసులమ్మ మనుషులు బుట్టలు తెచ్చి తలుపు ముందు వరసగా దించి, మిగతావి తేవడానికి ఒడ్డుకి వెళ్ళారు. ఊరి మొదటి చేపలు లోపల పెట్టే గౌరవం మనదే అని తోటయ్య తలపాగా చుట్టుకున్నాడు. గౌరీసు తాళం తీసింది. ముందు దారి చూద్దామని నలుగురూ లోపలికి వెళ్ళారు. వెళ్ళగానే గౌరీసుకి మాట గుర్తొచ్చింది.

"చిన్నాన్నా, తలుపు."

ఎల్లాజీ తలుపు మూసేశాడు. అంతే.

లోపల చల్లగా, హాయిగా ఉంది. కాసేపటికి హాయి తగ్గి చల్లదనమే మిగిలింది.

"బుట్టలు బయటే ఉండిపోయాయి అమ్మడూ" అన్నాడు తోటయ్య.

"తెచ్చుకోవాలంటే తలుపు తీయాలి నాన్నా. తీస్తే చల్లదనం పోతుంది."

"పోతే?"

"చేపలు పాడవుతాయి."

నలుగురూ ఒప్పుకున్నారు. చేపలు పాడవకూడదు, అందుకే కదా ఇంత కష్టపడింది. ఖాళీ అరల మీద వరసగా ఎక్కి కూర్చున్నారు. బండెమ్మ చెంగు తలకి చుట్టుకుంది. తోటయ్య పళ్ళు టకటకలాడుతుంటే, "కొంచెం ఉప్పు తెచ్చుకోవాల్సింది. ఉప్పు లేకుండా మనం ఎన్నాళ్ళు ఆగుతామో" అన్నాడు దిగులుగా. గౌరీసు వెంటనే లెక్క మొదలుపెట్టింది.

ఒడ్డు నుంచి తిరిగొచ్చిన కాసులమ్మకి తలుపు ముందు ఎండలో బుట్టలు, బుట్టల చుట్టూ పిల్లులు కనిపించాయి. మనుషులు లేరు. పిల్లుల్ని అదిలించి తలుపు మీద దబదబా బాదింది. లోపల్నుంచి ఎల్లాజీ గొంతు, "ఎవరో గానీ, ఊరికే తీయకూడదట" అంది. కాసులమ్మ పిడి పట్టుకుని బలంకొద్దీ లాగింది. తెల్లటి పొగలాంటి చల్లగాలి బయటికొచ్చింది. ఆ వెనక నలుగురు, ముక్కులు ఎర్రబడి, కనుబొమల మీద మంచు బొట్లతో, తలలన్నీ ఒకే వైపుకి పెట్టి పేర్చిన చేపల్లా కూర్చుని ఉన్నారు.

"బుట్టలు ఎండలో పెట్టి మీరు లోపల కూర్చున్నారా? ఇక్కడ చేపలన్నీ పాడయ్యేలా ఉన్నాయి కదే" అంది కాసులమ్మ, ఏడవాలో నవ్వాలో తెలియక.

గౌరీసు వణుకుతున్న వేళ్ళతో లెక్క ముగించి తలెత్తింది. మొహంలో ఎంత చలి ఉందో అంత గర్వమూ ఉంది.

"చేపల సంగతి నాకు తెలీదు గానీ కాసులమ్మత్తా, మేం నలుగురం మాత్రం ఉప్పు లేకపోయినా వారం దాకా పాడవం. ముందు ఆ తలుపు మూసెయ్. చల్లదనం పోతోంది."